ఎలుకలు, హార్మోన్లు, జతకట్టడం: అపోహలు – వాస్తవాలు

ల్యాబ్‌లో ఎలుకల మీద పని అని చెప్పగానే చుట్టాలు ముందు మొహం చిట్లిస్తారు. కాసేపటికి పక్కకి పిలిచి టెస్టోస్టిరాన్ గురించి అడుగుతారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఈస్ట్రోజెన్ పెరిగితే చాలు, ఆడ ఎలుక మగదాన్ని రానిస్తుంది.

వాస్తవం: సగమే నిజం. ఆడ ఎలుక నాలుగైదు రోజులకోసారి ఎదకు వస్తుంది. పొద్దున స్మియర్ (యోనిలోంచి తీసిన కణాల నమూనా) తీసి మైక్రోస్కోప్‌లో చూస్తే, కేంద్రకం ఉన్న గుండ్రటి కణాలు గుంపులుగా కనబడాలి. అలా ఉంటే ఆ రాత్రికే సిద్ధం. మర్నాటికి ఆ కణాలు కార్న్‌ఫ్లేక్స్ ముక్కల్లా అయిపోతాయి. పీహెచ్‌డీ మొదటి ఏడాది నేను లైట్ల టైమర్ చూసుకోకుండా మధ్యాహ్నమే మగవాటితో కలిపి, తప్పెక్కడ జరిగిందో తెలీక వారమంతా టెన్షన్ పడ్డాను.

అండాశయాలు తీసేసిన ఎలుకకైతే ముందు ఎస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం) ఇస్తాం. అది మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో, అండాశయాల మరో హార్మోన్ ప్రొజెస్టిరాన్‌ను అందుకునే గ్రాహకాలను పెంచుతుంది. సుమారు రెండు రోజులాగి ప్రొజెస్టిరాన్ ఇస్తే, కొన్ని గంటల్లోనే దాని తీరు మారిపోతుంది. గెంతుతుంది, చటుక్కున పరుగెత్తి ఆగుతుంది, చెవులు టపటపలాడిస్తుంది. మగది వెనక నుంచి నడుం పట్టుకోగానే వీపు కిందికి వంచి, తలా పిరుదులూ పైకెత్తుతుంది. ఈ భంగిమే లార్డోసిస్. ఎస్ట్రాడయోల్ లేకుండా ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఇస్తే ఇవేవీ ఉండవు. ఎస్ట్రాడయోల్ ఒక్కటే రోజుల తరబడి ఇస్తే లార్డోసిస్ వస్తుంది గానీ, ఆ గెంతులు అంతగా కనబడవు.

అపోహ: టెస్టోస్టిరాన్ ఎంత ఎక్కువుంటే అంత జోరు.

వాస్తవం: 1952లో గ్రంట్, యంగ్ అనే శాస్త్రవేత్తలు మగ గినీ పిగ్‌లను జోరును బట్టి మూడు గుంపులు చేశారు. వృషణాలు తీసేస్తే అన్నీ చల్లబడ్డాయి. తర్వాత అన్నిటికీ ఒకే మోతాదు టెస్టోస్టిరాన్ ఇస్తే, ఏ గుంపు ఆ గుంపు పాత స్థాయికే చేరింది! తేడా హార్మోన్‌లో లేదు, దాన్ని అందుకునే ఒంట్లో ఉంది. బూస్టర్ డబ్బాలు అమ్మేవాళ్లు ఈ ప్రయోగం ఊసెత్తరు.

అపోహ: ఈస్ట్రోజెన్ ఆడవాటికే పనికొస్తుంది.

వాస్తవం: మగ ఎలుక మెదడులో అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని ఎస్ట్రాడయోల్‌గా మారుస్తుంది. మగది జతకట్టడానికి అదీ కావాలి.

అపోహ: వృషణాలు తీసేస్తే మగది ఆ రోజే మానేస్తుంది.

వాస్తవం: రక్తంలో హార్మోన్ త్వరగానే పడిపోతుంది, అలవాటు మాత్రం వారాల మీద తగ్గుతుంది. ముందు వీర్యస్ఖలనం ఆగిపోతుంది. మీదకు ఎక్కే ప్రయత్నం అన్నిటికన్నా ఆఖర్న పోతుంది.