ఎన్ని పికోఫారడ్లు?

చెన్నైలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఏ దుకాణం ముందు నిలబడి క్రిస్టల్ (సర్క్యూట్‌కు లయ ఇచ్చే క్వార్ట్జ్ పలక) కావాలన్నా ఒకటే ప్రశ్న: ‘ఎన్ని మెగాహెర్ట్జ్?’ జవాబు చెబితే చాలు, చిన్న వెండిరంగు డబ్బీ చేతిలో పడుతుంది. ‘ఎన్ని పికోఫారడ్లు?’ అని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. చార్జ్‌ను పట్టి ఉంచే గుణాన్ని, అంటే కెపాసిటెన్స్‌ను, కొలిచే చిన్న యూనిట్ అది. ఎవరైనా అడిగి ఉంటే మా అపార్ట్‌మెంట్ నీళ్ల మోటారు దగ్గర నా పరువు నిలిచేది.

తెల్లవారి 5 గంటలకు మోటారు వేసే టైమర్ బోర్డు నేనే చేశాను. అందులో టైమ్ లెక్కపెట్టే చిప్ డీఎస్ 1302. దాని పక్కన 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్, అంటే సెకనుకు 32,768 ఊపులు. అంకె వింతగా ఉంటుంది గానీ, 32,768ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా 1 మిగులుతుంది. అదే సెకను. వారం తిరిగేసరికి మోటారు దాదాపు నిమిషం ముందే మొదలైంది. మూడో వారంలో కింది ఫ్లోర్ మామ్మగారు అడగనే అడిగారు: “నా ఫోన్ అలారం కంటే ముందే నీ మోటారు లేపుతోందేంటి బాబూ?”

క్వార్ట్జ్‌ను నొక్కితే కరెంటు పుడుతుంది. 1880లో క్యూరీ సోదరులు ఈ గుణాన్ని కనిపెట్టారు. కరెంటు ఇస్తే అదే క్వార్ట్జ్ కదులుతుంది. ఎంత వేగంగా ఊగాలన్నది పలక కొలతలను, కోతను బట్టి ఉంటుంది. అయితే దాని రెండు కాళ్ల మధ్య ఉన్న కెపాసిటెన్స్ కూడా ఆ వేగాన్ని కొద్దిగా మారుస్తుంది. అది పెరిగితే నెమ్మదిస్తుంది, తగ్గితే వేగం పుంజుకుంటుంది. ఆ కెపాసిటెన్స్‌నే లోడ్ అంటారు. అందుకే తయారీదారు ‘ఇంత లోడ్ ఉంటేనే ఈ ఫ్రీక్వెన్సీ’ అని డేటాషీట్‌లో, అంటే వివరాల పత్రంలో రాస్తాడు. నేను కొన్నది 12.5 పికోఫారడ్లది. నా చిప్ లోపల ఉన్నది 6. తప్పు పూర్తిగా నాదే, డేటాషీట్ చదవలేదు.

ప్రాసెసర్ క్రిస్టల్‌కు చాలాసార్లు ఆ లోడ్‌ను మనమే కట్టాలి. రెండు కాళ్లకూ చెరో కెపాసిటర్ పెడతాం. క్రిస్టల్‌కు అవి సిరీస్‌లో ఉన్నట్టు లెక్క, కాబట్టి రెండూ సమానమైతే సగమే పనిచేస్తుంది. దానికి బోర్డు గీతలు, చిప్ కాళ్లు తెచ్చే మూడు నాలుగు పికోఫారడ్లు తోడవుతాయి. క్రిస్టల్ లోడ్ 15, బోర్డు వాటా 4 అనుకుందాం. మిగిలిన 11కి రెట్టింపు, అంటే చెరో 22. క్రిస్టల్ ఏదైనా సరే కళ్లు మూసుకుని 22 పెట్టేవాళ్లు ఎంతమందో! అది లెక్క కాదు, అలవాటు. సరిపోయిందో లేదో చూద్దామని ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ను తెరమీద చూపే పరికరం) ప్రోబ్ ఆ కాలికి తాకించారా, ప్రోబ్ కూడా పది పికోఫారడ్ల దాకా లోడ్ చేరుస్తుంది. బాగా ఆడుతున్నది ఆగిపోనూ వచ్చు. అందుకే ప్రాసెసర్‌లో క్లాక్‌ను బయటికిచ్చే పిన్ ఉంటే అక్కడ కొలవడం మేలు.

ఇక మెగాహెర్ట్జ్ అంకె. పాత 8051 మైక్రోకంట్రోలర్ బోర్డుల మీద 11.0592 ఎందుకుంటుందో తెలుసా? దాన్ని 12తో, 32తో, 3తో భాగిస్తే డేటా పంపే సీరియల్ పోర్టుకు కావలసిన వేగం, సెకనుకు 9,600 బిట్లు, ఖచ్చితంగా వస్తుంది. గుండ్రంగా 12 మెగాహెర్ట్జ్ పెడితే అదే లెక్కకు 10,417 వస్తుంది. అవతలివైపు తెరమీద చెత్త అక్షరాలు పడతాయి.

6 పికోఫారడ్ల క్రిస్టల్ దొరికాక మామ్మగారు శాంతించారు. మే నెలలో మళ్లీ తేడా వచ్చింది, ఈసారి ఆలస్యం. పెట్టె ఇనుపది, ఉన్నది డాబా మీద. గడియారపు క్రిస్టల్‌కు నచ్చే వేడి 25 డిగ్రీల చుట్టుపక్కల. అక్కణ్నుంచి ఎటు జరిగినా నెమ్మదిస్తుంది, అదీ తేడాకు వర్గం లెక్కన. పెట్టెలో 60 డిగ్రీలు ఉంటే పది లక్షలకు 40 వంతులకు పైనే, అంటే రోజంతా అలాగే ఉంటే మూడున్నర సెకన్లు. బెంగళూరులో మా తమ్ముడి బోర్డుకు ఈ బాధ అంతగా లేదు, అక్కడి వాతావరణం చాలా నెలలు ఆ 25కి దగ్గరే ఉంటుంది. ప్రాసెసర్ పక్కనుండే మెగాహెర్ట్జ్ క్రిస్టళ్ల కోత సాధారణంగా వేరు, అవి వేడికి ఇంతగా వంగవు.

పెట్టెను మెట్ల కిందకు మార్చాను. నెలకోసారి టైమ్ సరిచేసేది ఇప్పుడు మామ్మగారే.