రాత్రికి చోటు: సత్రాల కాలం నుంచి నగర షెల్టర్ల దాకా

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పరిసరాల్లో రాత్రి పదకొండు దాటి దుకాణాల షట్టర్లు దిగాక మెట్ల మీద అట్టపెట్టెలు పరచుకుని పడుకునేవాళ్లను గమనిస్తే, చెప్పులు పక్కన విడిచినవాళ్లు తక్కువగా కనిపిస్తారు. గుడ్డలో చుట్టి తల కింద పెట్టుకుంటారు. తెల్లారి అడ్డా మీద కూలికి నిలబడాలంటే ఆ చెప్పులు, మూటలోని ఆధార్ కార్డు, నిన్నటి కూలి డబ్బులు మూడూ మిగిలి ఉండాలి. వీళ్లందరినీ బిచ్చగాళ్ల లెక్కలో వేయడం మనకు అలవాటు గానీ, వీళ్లలో తాపీ పనికి, హమాలీకి, పెళ్లి వంటలకు వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. పూటకు అన్నం పెట్టే దాత నగరంలో ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. ఒళ్లు వాల్చే చోటు దొరకడమే గగనం. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

అన్నదానానికి తెలుగునాట లోటు ఎన్నడూ లేదు. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవారికి కూడా వండిపెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పేరు నేటికీ నిలిచి ఉండటమే అందుకు సాక్ష్యం. నీడకు సంబంధించినంత వరకు ఆ కాలపు ఏర్పాటు సత్రం. మద్రాసు ప్రభుత్వం 1817లో చేసిన 7వ రెగ్యులేషన్ దేవాలయాలతో పాటు సత్రాల మాన్యాలను కూడా రెవెన్యూ బోర్డు పర్యవేక్షణలోకి తెచ్చిందంటే అప్పటికే వాటి ఆస్తులు ఏపాటివో ఊహించుకోవచ్చు. నిజాం రాజ్యంలో సరాయిలు ఇదే పని చేశాయి. నాంపల్లి స్టేషన్ దగ్గరి సరాయి ఆ కోవలోదే. అయితే సత్రమైనా సరాయి అయినా బాటసారి కోసం పుట్టినది. వచ్చినవాడు నాలుగు రోజుల్లో తన ఊరికి వెళ్లిపోతాడన్న నమ్మకం మీద నడిచినది. వెళ్లడానికి ఊరే లేనివాడు ఆ లెక్కలో లేడు. ఇక ఇప్పుడు సత్రమంటే పెళ్లిళ్లకు అద్దెకిచ్చే హాలని పిల్లలు అనుకుంటున్నారంటే అది వాళ్ల తప్పు కాదు.

స్వాతంత్ర్యం తర్వాత చట్టం ఈ మనిషిని మొదట గుర్తించింది నేరస్థుడిగానే. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం మొదటిసారి పట్టుబడినవారిని మూడేళ్ల వరకు, మళ్లీ పట్టుబడితే పదేళ్ల వరకు నిర్బంధంలో ఉంచడానికి వీలు కల్పించింది. ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టాన్ని 1977లో చేసుకుంది. 2017 నవంబర్‌లో అంతర్జాతీయ వ్యాపార సదస్సు దగ్గరపడుతున్న వేళ హైదరాబాద్ పోలీసులు రెండు నెలల పాటు భిక్షాటనను నిషేధించి, పట్టుకున్నవారిని చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అతిథులు వస్తుంటే ఇంట్లో చిందరవందర సామాను అటక ఎక్కించినట్టే సాగింది ఆ వ్యవహారం. మరుసటి ఏడాది ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు, ఢిల్లీకి వర్తించే బొంబాయి చట్టంలో భిక్షాటనను నేరంగా చూసే నిబంధనలను కొట్టివేసింది.

హక్కు అన్న మాట వేరే దారిలో వచ్చింది. బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో సుప్రీంకోర్టు 1985లో జీవించే హక్కులో జీవనోపాధి కూడా ఉందని చెప్పింది. పని దొరికే చోటికి దగ్గరగా ఉండాల్సి రావడం వల్లే జనం ఫుట్‌పాత్ మీద పడుకుంటున్నారన్న వాస్తవం అక్కడ కోర్టు రికార్డులకు ఎక్కింది. 2001లో ఆహార హక్కు కోసం పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టులోనే దాఖలు చేసిన పిటిషన్‌కు మొదట్లో షెల్టర్లతో సంబంధమే లేదు. కామన్‌వెల్త్ క్రీడలకు ఢిల్లీ ముస్తాబవుతున్న రోజుల్లో, 2009 డిసెంబర్ చలిలో, పూసా రోడ్డు కూడలి దగ్గరి తాత్కాలిక గుడారాన్ని నగరపాలక అధికారులు తొలగించడంతో ఆ కేసు మలుపు తిరిగింది. కడుపు నిండనివాడు చలికి తట్టుకోలేడు గనుక ఆకలి కేసులోనే నీడ సంగతి కూడా చేరింది. 5 లక్షలు దాటిన నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా రాత్రింబవళ్లు తెరిచి ఉండే షెల్టర్లు నెలకొల్పాలని 2010లో కోర్టు ఆదేశించింది.

దీనికి కేంద్రం నుంచి నిధులు రావడం 2013లో పట్టణ జీవనోపాధి మిషన్ కింద షెల్టర్ల పథకం మొదలయ్యాక గానీ కుదరలేదు. స్వచ్ఛంద సంస్థలకు అందులో చోటు దొరికింది: భవనం నగరపాలక సంస్థది, నడిపే పని సంస్థది. హైదరాబాద్‌లో అమన్ వేదిక వంటి సంస్థలు జీహెచ్‌ఎంసీతో కలిసి షెల్టర్లు నడిపింది ఈ పద్ధతిలోనే. పథకం లెక్కల దగ్గర కాస్త ఆగాలి. మనిషికి 50 చదరపు అడుగుల జాగా, 50 మంది ఉండే షెల్టర్ నిర్వహణకు తొలి ఐదేళ్లు ఏడాదికి 6 లక్షల రూపాయలు. భాగిస్తే తలకు రోజుకు 33 రూపాయలు కూడా పడవు. ఎనిమిది గంటల షిఫ్టుకు ఒకరు చొప్పున ముగ్గురు కేర్‌టేకర్లు, ఒక మేనేజర్ ఉండాలని అదే పథకం చెప్పింది. నెలకు పడిన 50 వేలలో నలుగురి జీతాలు పోగా కరెంటు బిల్లుకు, ఫినాయిలుకు, పాడైన మోటారుకు ఎంత మిగిలేదో చెప్పడానికి పెద్ద లెక్కల మాస్టారు అక్కర్లేదు. ఆ ఆరు లక్షలైనా వేళకు చేతికి వస్తేనే.

నిరాశ్రయుల సంఖ్య కూడా ఈ చర్చలో ఎప్పుడూ తేలని అంశమే. 2011 జనగణన దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మందిని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంచుమించు 1.45 లక్షల మందిని లెక్కించింది. ఆ లెక్కింపు ఫిబ్రవరి 28వ తేదీ ఒక్క రాత్రిలో జరిగింది. పోలీసు లాఠీకి భయపడి చోటు మార్చుకుంటూ తిరిగేవాళ్లు ఒక్క రాత్రిలో అందరూ దొరుకుతారనుకోవడం కష్టం.

స్థానిక సేవా సంస్థలకు అందే సాయంలో పుట్టినరోజుల, వర్ధంతుల భోజనాలదే పెద్ద వాటా; డిసెంబర్ వస్తే దుప్పట్లు గుట్టలుగా వస్తాయి. వద్దనడానికి లేదు, నిజంగానే పనికొస్తాయి. కానీ రాత్రి షిఫ్టు కేర్‌టేకర్‌కు ఆర్నెల్ల జీతం ఇస్తామని, మూటలు దాచుకోవడానికి తాళం పడే ఇనుప పెట్టెలు కొనిస్తామని వచ్చేవారు అరుదు. పెట్టె లేకపోతే కూలికి వెళ్లినవాడు మూట మోసుకునే తిరగాలి. కేర్‌టేకర్ లేని రాత్రి, జ్వరంతో వచ్చినవాడిని ఆస్పత్రికి తీసుకెళ్లే దిక్కుండదు. గుర్తింపు పొందిన షెల్టర్ అధిపతి ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ నమోదుకు ఆధారంగా అంగీకరిస్తారు. ఆధార్ ఉంటే బ్యాంకు ఖాతా, పింఛను దరఖాస్తు తేలిగ్గా ముందుకు కదులుతాయి. ఆ పత్రం రాసి, దాన్ని పట్టుకుని మీసేవ వరసలో అతనితో పాటు నిలబడే మనిషి జీతం మాత్రం ఏ అన్నదానం రసీదులోనూ ఉండదు.