జావాలో కాఫ్కా మెసేజ్‌లను లాగ్ చేయడం: కొన్ని అపోహలు - వాస్తవాలు

కాఫ్కా అంటే ప్రోగ్రామ్‌లు పంపే మెసేజ్‌లను టాపిక్‌లనే పేర్ల కింద నిల్వ చేసి ఇతర ప్రోగ్రామ్‌లకు అందించే వ్యవస్థ. ఒక టాపిక్‌లోకి వచ్చే మెసేజ్‌లను చదివి లాగ్‌లో రాసే ప్రోగ్రామ్ చాలా చిన్నది. కానీ దీని చుట్టూ అపోహలు మాత్రం చిన్నవి కావు.

అపోహ: మెసేజ్ రాగానే కాఫ్కాయే మనకు పంపిస్తుంది.

పంపదు. పోల్ మెథడ్‌ను పిలిచి మనమే తెచ్చుకోవాలి. డిఫాల్ట్‌గా ఒక్కో పిలుపుకు 500 రికార్డుల (అంటే మెసేజ్‌ల) దాకా వస్తాయి. రెండు పిలుపుల మధ్య 5 నిమిషాలు దాటితే మన కన్స్యూమర్ (మెసేజ్‌లు చదివే ఆబ్జెక్ట్) తన గ్రూప్‌లోంచి, అంటే టాపిక్‌ను పంచుకుని చదివే కన్స్యూమర్ల జట్టులోంచి, బయటికి పోతుంది. బతికే ఉన్నానని కాఫ్కాకు చెప్పే హార్ట్‌బీట్ వేరే థ్రెడ్‌లో నడుస్తోంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

అపోహ: లాగ్ ఖాళీగా ఉందంటే మెసేజ్‌లు పోయినట్టే.

చదివినంత మాత్రాన కాఫ్కాలో మెసేజ్ చెరిగిపోదు, దాన్ని ఉంచే డిఫాల్ట్ గడువు 7 రోజులు. ఆఫ్‌సెట్ అంటే మెసేజ్ స్థానాన్ని చెప్పే సంఖ్య; ఎక్కడిదాకా చదివామో కాఫ్కాలో నమోదు చేయడమే కమిట్. కొత్త గ్రూప్ ఐడీతో మొదలుపెడితే ఎక్కడినుంచి చదవాలో చెప్పే ఆటో ఆఫ్‌సెట్ రీసెట్ సెట్టింగ్ విలువ డిఫాల్ట్‌గా 'లేటెస్ట్', అంటే పాతవి కనిపించవు. దాన్ని 'ఎర్లియెస్ట్' చేసినా, ఆ గ్రూప్ పేరిట ఇప్పటికే ఆఫ్‌సెట్ కమిట్ అయి ఉంటే తేడా ఏమీ ఉండదు. చాలామంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. ఇంకో కారణం మరీ చిన్నది: లాగ్ పిలుపులను అందుకునే ఎస్‌ఎల్‌ఎఫ్4జె ఉంది కానీ దాని వెనక నిజంగా లాగ్ రాసే లాగ్‌బ్యాక్ లాంటిదేదీ లేదు. మొదట్లో ఒక హెచ్చరిక చూపి, ఆ తర్వాత లాగ్ నోరు మెదపదు.

అపోహ: ఆటో కమిట్ ఆన్‌లో ఉంది, ఇక టెన్షన్ లేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. జావా క్లయింట్ ఆటో కమిట్‌ను పోల్ లోపలే చేస్తుంది, డిఫాల్ట్‌గా 5 సెకన్లకోసారి. పోయినసారి ఇచ్చిన రికార్డులన్నిటి పనీ మీరు పూర్తి చేసేశారనే దాని లెక్క. అదే లూప్‌లో ఒక్కొక్కటీ లాగ్ చేసి, తర్వాతే మళ్లీ పోల్‌కు వెళ్తే ఆ లెక్క నిజమే. మధ్యలో ప్రోగ్రామ్ పడిపోతే కొన్ని మెసేజ్‌లు రెండోసారి వస్తాయి, అంతే. రికార్డులను వేరే థ్రెడ్‌లకు అప్పగించి వెంటనే పోల్‌కు వెళ్తే మాత్రం, లాగ్ కాకముందే కమిట్ అయిపోవచ్చు. అప్పుడు పడిపోతే ఆ మెసేజ్‌లు మీ లాగ్‌లోకి ఇక రావు. లాగ్ లైన్లను వెంటనే రాయకుండా వేరే థ్రెడ్‌లో తర్వాత రాసే ఎసింక్ అపెండర్‌తోనూ ఇదే చిక్కు. లైన్ ఇంకా మెమరీలోనే ఉండగా కమిట్ జరిగిపోవచ్చు.

ఒక్క మెసేజ్ కూడా పోకూడదనుకుంటే ఆటో కమిట్ ఆపేసి, లాగ్ రాశాక, మనమే కమిట్ చేసే కమిట్‌సింక్ మెథడ్‌ను పిలవండి. డూప్లికేట్లు అప్పటికీ వస్తాయి. అందుకే ప్రతి లైన్‌లో టాపిక్, పార్టిషన్ (టాపిక్‌లోని ఒక భాగం), ఆఫ్‌సెట్ రాస్తే వాటిని ఇట్టే పట్టుకోవచ్చు.

అపోహ: థ్రెడ్లు పెంచితే వేగం పెరుగుతుంది.

ఒకే కన్స్యూమర్ ఆబ్జెక్ట్‌ను రెండు థ్రెడ్లు ఒకేసారి ముట్టుకుంటే కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. థ్రెడ్‌కొక కన్స్యూమర్ పెట్టినా, ఒక గ్రూప్‌లో ఒక్కో పార్టిషన్‌ను ఒక్క కన్స్యూమరే చదువుతుంది కాబట్టి, 3 పార్టిషన్ల టాపిక్‌కు అదే గ్రూప్‌లో నాలుగోది ఖాళీగా కూర్చుంటుంది.

అపోహ: మెసేజ్‌లు పంపిన వరుసలోనే వస్తాయి.

ఒక పార్టిషన్ లోపల మాత్రమే.

అపోహ: ఆపడానికి కంట్రోల్-సి నొక్కితే చాలు.

నొక్కండి, కానీ ప్రోగ్రామ్ ఆగబోయేటప్పుడు జావా నడిపే షట్‌డౌన్ హుక్‌లో కన్స్యూమర్ వేకప్ మెథడ్‌ను పిలవండి. వేరే థ్రెడ్ నుంచి భయం లేకుండా పిలవగలిగేది ఆ మెథడ్‌నే. దాంతో పోల్ వేకప్ ఎక్సెప్షన్‌తో బయటికి వస్తుంది, ఫైనల్లీలో క్లోజ్ చేయవచ్చు. మెయిన్ థ్రెడ్ ముగిసేదాకా హుక్ ఆగేలా జాయిన్ కూడా పెట్టండి. లేకపోతే క్లోజ్ పూర్తికాకుండానే జేవీఎం ఆగిపోవచ్చు.