బంతి వెనుక ఎంతమంది?

పిల్లలూ,

ఫుట్‌బాల్ ప్రపంచకప్ మ్యాచ్ మొదలై పావుగంట కాకముందే మీరు జట్లకు పేర్లు పెట్టేస్తుంటారు: ఇది పిరికి జట్టు, అది దూకుడు జట్టు అని. పెట్టండి, కానీ దేన్ని చూసి పెడుతున్నారో ఒకసారి ఆలోచించండి. గోల్స్ చూసి పెడితే తప్పులో కాలేసినట్టే. 2010లో కప్పు గెలిచిన స్పెయిన్ ఏడు మ్యాచ్‌ల్లో కొట్టినవి 8 గోల్సే. ప్రపంచ విజేతల్లో అంత తక్కువ గోల్స్ కొట్టిన జట్టు ఇంకొకటి లేదు. నాకౌట్‌లో నాలుగు మ్యాచ్‌లనూ 1-0తోనే గెలిచింది.

పోనీ బంతి ఎవరి దగ్గర ఎక్కువసేపు ఉందో చూద్దామంటే అదీ మోసం చేస్తుంది. 2022లో జపాన్ స్పెయిన్‌ను 2-1తో ఓడించిన రోజు, బంతి జపాన్ దగ్గర ఉన్నది దాదాపు 18 శాతం సమయమే. అలాగని జపాన్ మూల కూర్చుని గెలిచిందనుకోకండి. రెండో సగం మొదలవగానే ముందుకు ఉరికి, స్పెయిన్ గోల్‌కీపర్ దాకా వెంటపడ్డారు. మూడు నిమిషాల తేడాలో రెండు గోల్స్ కొట్టేశారు. మిగతా ఆటంతా గోడ కట్టి నిలబడ్డారు. ఒకే మ్యాచ్‌లో ఒకే జట్టు రెండు రకాలుగానూ ఆడింది. ఇప్పుడు దానికి ఏ పేరు పెడతారు?

అందుకే వేరే లెక్క ఒకటి చెబుతాను. మీ జట్టు దాడిలో ఉన్నప్పుడు చూపును బంతి మీద నుంచి కాసేపు తీసేయండి. బంతికీ తమ గోల్‌కూ మధ్య సొంత ఆటగాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. గోల్‌కీపర్‌ను వదిలేస్తే మొత్తం పది మంది. వాళ్లలో ఆరేడుగురు బంతి వెనకే ఉంటే జట్టు ఆచితూచి ఆడుతోందని అర్థం. ముగ్గురే మిగిలి మిగతావాళ్లంతా ముందుకు పోయారంటే అది దూకుడు. బంతి ఈ క్షణంలో చేజారితే మన గతేమిటన్న ప్రశ్నకు కోచ్ ఏం జవాబిచ్చుకున్నాడో ఆ అంకె చెబుతుంది.

జాతీయ జట్ల టోర్నీల్లో ఆ అంకె ఎందుకు పెద్దదిగా ఉంటుందో చూడండి. క్లబ్ లీగ్‌లో ఒక సీజన్‌కు 34, 38 మ్యాచ్‌లు ఉంటాయి. ఒకటి ఓడితే వచ్చే వారం సర్దుకోవచ్చు. ప్రపంచకప్ గ్రూపులో ఉండేవి మూడే మ్యాచ్‌లు. ఆ తర్వాత ఒక్కసారి ఓడితే మళ్లీ నాలుగేళ్ల దాకా అవకాశం లేదు. ఇక సాధన. క్లబ్ ఆటగాళ్లు రోజూ కలిసి ఆడతారు. జాతీయ జట్టు ఏడాదిలో కొన్ని విడతలుగా, విడతకు కొన్ని రోజులు మాత్రమే కలుస్తుంది, వాటిలో ప్రయాణాలూ మ్యాచ్‌లూ పోగా మిగిలే సాధన చాలా తక్కువ.

దాడి నేర్పడానికి కాలం పడుతుంది. ఎవరు ఎప్పుడు పరుగు తీస్తారో, పాస్ ఇచ్చేవాడు తలెత్తి చూడకుండానే తెలిసిపోవాలి. రక్షణ అలా కాదు. పక్కవాడికి ఎంత దూరంలో నిలబడాలో చెప్పి, పది మందికీ ఒకే తాడు కట్టినట్టు కదలడం నేర్పితే సగం పని అయిపోతుంది. మొరాకో కోచ్ వాలిద్ రెగ్రాగి 2022 ఆగస్టు చివర్లో బాధ్యత తీసుకున్నాడు. ప్రపంచకప్ నవంబరులో. సెమీఫైనల్ దాకా అయిదు మ్యాచ్‌ల్లో మొరాకో గోల్‌లోకి వెళ్లిన బంతి ఒక్కటే, అది కూడా కెనడా మీద తమవాడి కాలికి తగిలి లోపలికి పోయినదే. స్పెయిన్ అదనపు సమయంతో (90 నిమిషాల్లో తేలకపోతే ఆడే అరగంట) కలిపి వెయ్యికి పైగా పాసులు ఇచ్చినా ఒక్క గోలూ కొట్టలేక షూటౌట్‌లో (అప్పటికీ తేలకపోతే వంతులవారీగా పెనాల్టీ కిక్‌లు కొట్టే పద్ధతి) ఇంటిదారి పట్టింది.

నియమాలు మారితే ధైర్యం ధర కూడా మారుతుంది. దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. పాత పద్ధతిలో గెలుపుకు 2 పాయింట్లు, డ్రాకు 1. డ్రా అంటే సగం గెలుపన్నమాట. 1982లో ఇటలీ, కామెరూన్ ఒకే గ్రూపులో ఉండి, రెండూ మూడేసి డ్రాలు చేశాయి. ఇటలీ 2 గోల్స్, కామెరూన్ 1 గోల్ కొట్టాయి. ఆ ఒక్క గోల్ తేడాతో ఇటలీ ముందుకెళ్లి చివరికి కప్పే గెలిచింది, కామెరూన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా ఇంటికెళ్లింది. 1990 ఇటలీ ప్రపంచకప్‌లో ఈ బేరం శ్రుతిమించింది. 52 మ్యాచ్‌ల్లో 115 గోల్స్, అంటే మ్యాచ్‌కు 2.21. ఏ ప్రపంచకప్‌లోనూ సగటు ఇంత తక్కువ లేదు. ఐర్లాండ్ నాలుగు డ్రాలతో, అందులో ఒకటి షూటౌట్‌లో గట్టెక్కి, క్వార్టర్‌ఫైనల్ చేరింది. అర్జెంటీనా ఫైనల్‌తో కలిపి ఏడు మ్యాచ్‌ల్లో కొట్టింది 5 గోల్సే. సమయం గడపాలనుకుంటే డిఫెండర్ బంతిని గోల్‌కీపర్‌కు తన్నేవాడు, అతను చేతుల్లోకి తీసుకునేవాడు, మళ్లీ డిఫెండర్‌కు దొర్లించేవాడు. చూసేవాళ్లకు ఆవలింతలే మిగిలేవి.

అందుకే 1992లో బ్యాక్‌పాస్ నియమం తెచ్చారు: సొంత ఆటగాడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదు. 1994 ప్రపంచకప్ నుంచి గెలుపుకు 3 పాయింట్లు ఇస్తున్నారు. ఇప్పుడు మూడు డ్రాలు చేసినా 3 పాయింట్లే, ఒకటి గెలిచి రెండు ఓడినా 3 పాయింట్లే. మీరే కోచ్ అయితే 80వ నిమిషంలో 0-0 దగ్గర ఏం చేస్తారో ఈ లెక్కతో ఆలోచించండి. 2010లో న్యూజిలాండ్ మూడు డ్రాలతో గ్రూపులోనే ఆగిపోయింది. ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు అదొక్కటే. విజేత స్పెయిన్ కూడా మొదటి మ్యాచ్‌లో స్విట్జర్లాండ్ చేతిలో ఓడింది!

అన్ని నియమాలూ అనుకున్న ఫలితం ఇవ్వలేదు. అదనపు సమయంలో మొదటి గోల్ పడగానే మ్యాచ్ అయిపోయే గోల్డెన్ గోల్ పద్ధతిని, జట్లు గెలుపు కోసం ముందుకొస్తాయని పెట్టారు. గోల్ కొట్టాలన్న ఆశ కన్నా, ఒక్క గోల్ ఇస్తే అంతా అయిపోతుందన్న భయమే ఎక్కువగా పనిచేసింది. 2004 తర్వాత అది కనబడలేదు. మూడో స్థానంలో నిలిచినవాళ్లనూ ముందుకు పంపే పద్ధతి కూడా డ్రాల విలువ పెంచుతుంది. 2016 యూరో కప్‌లో (ఐరోపా దేశాల టోర్నీ) పోర్చుగల్ మూడు డ్రాలతో గ్రూపులో మూడోదిగా నిలిచి, మొత్తం టోర్నీలో 90 నిమిషాల్లోపు ఒక్క మ్యాచే గెలిచి, చాంపియన్ అయింది. 2026 ప్రపంచకప్‌లో 48 జట్లు, 12 గ్రూపులు. మూడో స్థానాల్లో మెరుగైన 8 జట్లు కూడా నాకౌట్‌కు వెళతాయి. కాబట్టి మొదటి రెండు మ్యాచ్‌లు చప్పగా సాగితే ఆటగాళ్లను తిట్టకుండా పట్టిక చూడండి.

ఇప్పుడు గోడ కట్టడం ఎలాగో చూద్దాం. మైదానం వెడల్పు సాధారణంగా 68 మీటర్లు. నలుగురు డిఫెండర్లు దాన్నంతా పంచుకుంటే ఒక్కొక్కరికి 17 మీటర్లు వస్తుంది, మధ్యలోంచి బండి తోలుకుపోవచ్చు. అందుకే నలుగురూ బంతి ఉన్న వైపుకు జరిగి, మైదానంలో దాదాపు సగం వెడల్పునే కాస్తారు. రెండో వైపు అంచున ప్రత్యర్థి ఒకడు ఒంటరిగా చేతులూపుతూ ఉంటాడు, మీరు టీవీ ముందు కేకలు పెడుతుంటారు. వాణ్ని కావాలనే వదిలేశారు. బంతి అక్కడికి గాల్లో వెళ్లేలోపు గోడంతా అటు జరగగలదు. నలుగురి ముందు పది పన్నెండు మీటర్ల దూరంలో ఇంకో వరుస. రెండు వరుసల మధ్య ఖాళీ పెరిగిందంటే ప్రత్యర్థి అందులోకి దూరి, బంతి అందుకుని, వెనక్కి తిరుగుతాడు. అక్కడి నుంచి గోల్ ఎదురుగా కనిపిస్తుంది. గోడకు అసలు పగులు అదే.

2004 యూరో కప్ గెలిచిన గ్రీస్ ఇంకో పాత పద్ధతి వాడింది. కోచ్ ఓట్టో రెహాగెల్ తన డిఫెండర్లకు ఒక్కొక్క ప్రత్యర్థిని అప్పగించి నీడలా వెంటాడమన్నాడు. అప్పటికి చాలా జట్లు మానేసిన పద్ధతి కాబట్టి ఎదుటివాళ్లకు అది కొరుకుడు పడలేదు. ఫ్రాన్స్, చెక్, ఫైనల్‌లో పోర్చుగల్ - ముగ్గురి మీదా 1-0, మూడూ హెడర్ గోల్స్. చెక్, పోర్చుగల్ మీద పడినవి కార్నర్ నుంచి, అంటే మైదానం మూల నుంచి కొట్టే కిక్ నుంచి వచ్చాయి. ఇక్కడొక మెలిక ఉంది. గోడ కట్టే జట్టుకు కార్నర్‌లూ ఫ్రీ కిక్‌లూ ప్రాణం. ఆట ఆగి ఉంటుంది కాబట్టి, పొడుగువాళ్లను ముందుకు పంపినా మిగతావాళ్లను ఎక్కడ నిలబెట్టాలో ముందే నిర్ణయించుకోవచ్చు. తక్కువ ప్రమాదంతో దొరికే దాడి అది.

గోడ ఎలా కూలుతుందో కూడా తెలుసుకోవాలి. ఎక్కువసార్లు ముందుగా ఒక గోల్ కొట్టాకే కూలుతుంది. 2020 యూరో ఫైనల్‌లో (కరోనా వల్ల 2021లో జరిగింది) ఇంగ్లండ్ రెండో నిమిషంలోనే గోల్ కొట్టింది. 67వ నిమిషంలో ఇటలీ కార్నర్ నుంచి సమం చేసి, షూటౌట్‌లో గెలిచింది. 2018 ప్రపంచకప్ సెమీఫైనల్‌లోనూ ఇంగ్లండ్ అయిదో నిమిషంలో గోల్ కొట్టి, క్రొయేషియా చేతిలో 2-1తో ఓడింది. వెనక్కి పొమ్మని ఏ కోచూ చెప్పనక్కర్లేదు, జట్టు తనంతట తానే పోతుంది. డిఫెండర్ బంతిని దూరంగా తన్నుతాడు. దాన్ని అందుకుని నిలబెట్టడానికి ముందు ఎవరూ ఉండరు. బంతి ప్రత్యర్థికి దొరికి పది సెకన్లలో తిరిగొస్తుంది. ప్రతిసారీ వరుస రెండడుగులు వెనక్కి. అరగంటకు అందరూ సొంత పెనాల్టీ ఏరియాలో, అంటే గోల్ నుంచి 16.5 మీటర్ల లోపల ఇరుక్కుంటారు. అక్కడ గాల్లోకి లేచిన ఏ బంతి అయినా ప్రమాదమే.

విరుగుడు ఉంది. బంతిని తన్నిన ప్రతిసారీ వరుస మొత్తం పది మీటర్లు ముందుకు రావాలి. బంతిని ఒంటితో కాచి ఫౌల్ రాబట్టగల ఒకణ్ని ముందు ఉంచాలి. వాడి కాళ్లు అలిసిపోయేలోపే మార్చాలి. 2018లో కప్పు గెలిచిన ఫ్రాన్స్‌కు ఒలివియే జిరూ ఈ పనే చేశాడు. టోర్నీ మొత్తంలో ఒక్క గోల్ కొట్టకపోయినా కోచ్ డెషాంప్ అతణ్ని తీసేయలేదు. దాన్ని పిరికితనం అనేవాళ్లకు ఆ ఫైనల్ స్కోరు 4-2 అని గుర్తు చేయండి.

దూకుడు ఆటకు కూడా కొలతలున్నాయి. డిఫెండర్ల వరుసను మధ్యగీత దగ్గరికి తెస్తే వాళ్ల వెనుక నలభై మీటర్లకు పైగా ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని కాపాడేది ఆఫ్‌సైడ్ నియమం (పాస్ ఇచ్చే క్షణానికి, గోల్‌కీపర్ కాక ఆఖరి డిఫెండర్‌ను దాటి ముందున్నవాడు ఆ బంతి ఆడకూడదు), ముందుకొచ్చి ఆడే గోల్‌కీపర్, అన్నిటికన్నా ముఖ్యంగా బంతి పోయిన మొదటి అయిదారు సెకన్లు. అప్పుడే ఇద్దరు ముగ్గురు మీదపడితే ప్రత్యర్థి తలెత్తి దూరం పాస్ చూసుకోలేడు. వాడికి తలెత్తే తీరిక దొరికిందంటే ఎత్తైన వరుస పనైపోయినట్టే. 2022లో సౌదీ అరేబియా ఇలాగే వరుసను పైకి తెచ్చి అర్జెంటీనా మీద 2-1తో గెలిచింది. మొదటి సగంలో అర్జెంటీనా కొట్టిన మూడు గోల్స్ ఆఫ్‌సైడ్‌లో పోయాయి. అడుగు తేడా వచ్చి ఉంటే, అప్పటికే కొట్టిన ఒక గోల్‌తో కలిపి సగంలోనే స్కోరు 4-0 అయ్యేది.

ఆ తేడా వస్తే ఏమవుతుందో 2014 సెమీఫైనల్‌లో చూశాం. నెయ్‌మార్ గాయంతో, కెప్టెన్ తియాగో సిల్వా నిషేధంతో లేరు. అయినా బ్రెజిల్ ముందుకే ఉరికింది. పక్క డిఫెండర్లు పైన, మిడ్‌ఫీల్డ్ చెల్లాచెదురు. జర్మనీ 23వ నిమిషం నుంచి 29 దాకా నాలుగు గోల్స్ కొట్టి, చివరికి 7-1తో గెలిచింది. ఎక్కువమంది ముందుకు పోవడం ఒక్కటే దానికి కారణం కాదు. పోయిన బంతిని వెంటనే అడ్డుకునేవాళ్లు లేకపోవడం కూడా.

దూకుడు గురించి మాట్లాడితే ఎవరో ఒకరు 1982 బ్రెజిల్‌ను ఎత్తుతారు. జికో, సోక్రటీస్, ఫల్కావ్ ఉన్న జట్టు. ఇటలీతో డ్రా చేసుకుంటే సెమీఫైనల్, 68వ నిమిషంలో 2-2. అప్పుడు గోడ కట్టి ఉంటే గెలిచేవాళ్లని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. 74వ నిమిషంలో పావ్‌లో రోస్సీ మూడో గోల్ కార్నర్ నుంచి వచ్చింది, అప్పటికి బ్రెజిల్ ఆటగాళ్లు దాదాపు అందరూ సొంత పెనాల్టీ ఏరియాలోనే ఉన్నారు. రెండో గోల్ మాత్రం వాళ్ల చేతులారా ఇచ్చుకున్నదే: తమ గోల్‌కు దగ్గరలో అడ్డంగా ఇచ్చిన పాస్‌ను రోస్సీ మధ్యలో దొరకబుచ్చుకున్నాడు. బంతి వెనుక మనుషులుండగానే జరిగిన పొరపాట్లివి.

నాకు నచ్చిన కోచ్ నిర్ణయం 2006లోది. ఇటలీ పేరు చెబితే గోడ గుర్తొస్తుంది, ఆ టోర్నీ మొత్తంలో వాళ్లు ఇచ్చినవీ రెండే గోల్స్, ఒకటి సొంత గోల్, ఇంకొకటి పెనాల్టీ. జర్మనీతో సెమీఫైనల్ 0-0తో అదనపు సమయానికి వెళ్లింది. షూటౌట్ కోసం కాచుకుంటారని అందరూ అనుకున్నారు. మార్చెల్లో లిప్పి ఇయాక్వింటాను, తర్వాత డెల్ పియెరోను దింపాడు. జిలార్దీనో, టొట్టి అప్పటికే మైదానంలో ఉన్నారు. నలుగురు దాడి చేసేవాళ్లు! 119వ నిమిషంలో ఒక గోల్, ఆఖరి క్షణాల్లో ఇంకొకటి. రెండోది కొట్టింది డెల్ పియెరోనే.

వచ్చే మ్యాచ్‌కు మీకొక పని. కాగితం మీద రెండు గడులు గీయండి. ప్రతి పది నిమిషాలకు ఒకసారి, బంతి ప్రత్యర్థి సగంలో ఉన్నప్పుడు, వెనుక ఎంతమంది ఉన్నారో రాయండి. కెమెరా దగ్గరికి వెళ్లినప్పుడు కనబడదు, కార్నర్, త్రో ఇన్ తీసే ముందు దూరం నుంచి చూపిస్తారు, అప్పుడు చూడండి. పక్క డిఫెండర్లిద్దరిలో ఒకడు పైకి వెళితే రెండోవాడు ఆగాడా లేదా అన్నది విడిగా రాయండి. 70వ నిమిషం దగ్గర అంకెలు మారతాయి. ఎవరు గోల్ కొట్టాక మారాయో, ఏ ఆటగాడు మారాక మారాయో పక్కనే రాసి నాకు పంపండి.

మీ తాతయ్య