గడప దగ్గర ఆగిపోయిన చట్టం

ఆదివారం పొద్దున పేపరు విప్పితే హైదరాబాద్ నల్లకుంటలోని మా ఇంట్లో వార్తల కంటే ముందు పాంప్లెట్లు నేల మీద పడతాయి. పోయిన వారం ఐదు పడ్డాయి. ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్, నగల దుకాణం, చెదల మందు, నగర శివార్లలో ఓపెన్ ప్లాట్లు, ఆపరేషన్ లేకుండా మోకాళ్ల నొప్పులకు వైద్యం. ఇవి కాక గేటు ఊచల మధ్య మడిచి దోపినవి రెండు, రాత్రి వానకు తడిసి రంగు కారుతున్నాయి. పక్కింటివారు కూతురి దగ్గరికి వెళ్లి నెల రోజులైంది. వాళ్ల గేటుకు ఎనిమిది వేలాడుతున్నాయి. ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి దొంగకు తెలియడానికి ఇంతకంటే తేలిక దారి లేదు. ఆ ఎనిమిదీ తీసి చెత్తబుట్టలో వేస్తుంటే, కాలనీ సమావేశంలో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది: "గోడ మీద పోస్టరు అంటిస్తే జరిమానా ఉంది కదా, గేటులో దోపితే ఎందుకు లేదు?"

జవాబు కోసం వెతికితే నూటయాభై ఏళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

మన దేశంలో అచ్చయిన కాగితం మీద చాలాకాలం నిలిచిన పట్టు 1867 నాటి ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టానిది. అచ్చేసిన ప్రతి పుస్తకం మీద, ప్రతి కాగితం మీద ముద్రాపకుడి పేరు, అచ్చయిన ఊరు కనబడేలా ఉండాలని దాని మూడో సెక్షన్ చెప్పింది. పాత కరపత్రాల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరు కనబడటానికి కారణం అదే. ఆ చట్టం వెనుక ఉన్నది పాలకుల జాగ్రత్త. రేపు ఈ కాగితం గొడవ తెస్తే ఎవరిని పట్టుకోవాలో తెలియాలి. ఎవరి ఇంటికి వెళ్లింది, వాళ్లకు అది కావాలా అన్న ఆలోచన అందులో లేదు.

హైదరాబాద్ సంస్థానంలో ఏలుబడి వేరైనా భయం అదే. నిజాం ప్రభుత్వం తెచ్చిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ముందస్తు అనుమతి లేని సభలను నిషేధించింది. నలుగురు ఒకచోట చేరి మాట్లాడుకోవడానికే అనుమతి కావలసిన రోజుల్లో చేతి నుంచి చేతికి మారే కాగితానికి ఎంత విలువ ఉండేదో ఊహించుకోవచ్చు. కరపత్రం అనే మాటకు ఇప్పటికీ అంటుకుని ఉన్న గౌరవం అక్కడిదేనని నాకు అనిపిస్తుంది. ఉద్యమం పంచితే కరపత్రం అంటాం, కొట్టువాడు పంచితే పాంప్లెట్ అంటాం. కాగితం ఒకటే, పేరు మాత్రం మనకు తెలియకుండానే మారిపోతుంది.

స్వాతంత్ర్యం తర్వాత చట్టాల దృష్టి కాగితం మీద రాసిన మాటల వైపు మళ్లింది. 1954లో మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం వచ్చింది. అందులో ప్రకటన అంటే నోటీసు, సర్క్యులర్, లేబుల్ కూడా. మధుమేహం నయం చేస్తామని, మగతనం పెంచుతామని పంచే కాగితాలు దీని కిందికే వస్తాయి. దీన్ని మందుల సంస్థ హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టులో సవాలు చేసింది. వ్యాపారం కోసం ఇచ్చే ఇలాంటి ప్రకటనలకు భావప్రకటన స్వేచ్ఛ రక్షణ వర్తించదని కోర్టు తేల్చింది. తర్వాత 1995లో టాటా ప్రెస్ కేసులో అదే కోర్టు వాణిజ్య ప్రకటన కూడా రాజ్యాంగంలో ఆ స్వేచ్ఛనిచ్చే 19(1)(ఎ) అధికరణ కిందికి వస్తుందని చెప్పింది. కాబట్టి పాంప్లెట్లన్నింటినీ గంపగుత్తగా నిషేధించమని ఎవరైనా అడిగితే అది నిలవడం కష్టం. నేనూ అది అడగడం లేదు.

మిగిలినవి ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఎన్నికల కరపత్రంపై ముద్రాపకుడి పేరూ ప్రచురణకర్త పేరూ చిరునామాలతో సహా ఉండాలని 1961లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 127ఎ సెక్షన్ చేర్చారు. తప్పితే ఆరు నెలల జైలు, లేదా రెండు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. పొగాకు ఉత్పత్తుల ప్రకటన ఉన్న కరపత్రం పంచకూడదని 2003 చట్టం సూటిగా అంది. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టు ప్రకటనలో రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య, ఆ సంస్థ వెబ్‌సైటు చిరునామా ఉండాలని 2016 చట్టం చెప్పింది. మా ఇంటికొచ్చిన ఓపెన్ ప్లాట్ల పాంప్లెట్‌ను కిటికీ వెలుగులో పట్టుకుని చదివాను. స్విమ్మింగ్ పూల్ బొమ్మ ఉంది, ఔటర్ రింగ్ రోడ్డుకు ఎన్ని నిమిషాలో ఉంది, కడ్డీల గేటు ముందు నవ్వుతున్న కుటుంబం ఉంది. నమోదు సంఖ్య మాత్రం ఎంత వెతికినా లేదు.

ఇక నగరం సంగతి. కార్పొరేషన్‌కు ఆధారం 1955 నాటి చట్టం. హోర్డింగులు, బోర్డులు, బ్యానర్లకు అనుమతులు, రుసుములు, తొలగింపులు అన్నీ దాని కిందే నడుస్తాయి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని, అసభ్య పోస్టర్లను అడ్డుకునే చట్టం తెచ్చింది. సినిమా పోస్టర్లతో, ట్యూషన్ల కాగితాలతో గోడలన్నీ నిండిపోయిన కాలం అది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ ప్రభుత్వ 68వ నంబరు ఉత్తర్వు నేల నుంచి 15 అడుగులు దాటిన ప్రకటనలకు కళ్లెం వేసింది. ఇవన్నీ నలుగురికీ కనబడే గోడనూ, స్తంభాన్నీ, మేడ కప్పునూ చూస్తాయి. గేటు ఊచల మధ్య దోపిన కాగితం వీటి చూపుకు అందనంత చిన్నది.

ఈ చిన్న కాగితం ఇంటికి చేరే దారి కూడా మారుతూ వచ్చింది. నా చిన్నతనంలో రిక్షాకు మైకు కట్టుకుని వచ్చి గులాబి రంగు, పసుపు రంగు పల్చటి కాగితాలు గాలిలోకి విసిరేవారు. వాటికోసం మేం పరిగెత్తేవాళ్లం. ట్రెడిల్ మెషిన్ మీద అచ్చయిన ఆ కాగితానికి సిరా వాసన ఇంకా పోయేది కాదు. ఛత్తా బజార్ సందుల్లో శుభలేఖలతో పాటు ఇవీ అచ్చయ్యేవి. ఆఫ్‌సెట్, ఆపైన డీటీపీ వచ్చాక వేలకు వేలు అచ్చేయించడం చవకైంది, కాగితం నునుపు తేలింది. దారి కూడా దినపత్రికలోకి మారింది.

తెల్లవారుజామున నాలుగు గంటలకు ఏదైనా కూడలి దగ్గర నిలబడితే ఆ పని కనబడుతుంది. ఫుట్‌పాత్ మీద గోనె పరిచి, పత్రికల కట్టలు విప్పి, బొటనవేలితో పేపరు మడత తెరిచి, ఎడమ చేత్తో పాంప్లెట్ జారవిడుస్తారు. చూసేలోపే పది పూర్తవుతాయి. వెయ్యికి ఇంత అని ఏజెంటుకు ముడుతుంది, అందులోంచి కుర్రవాడికి కొంత వస్తుంది. చందా డబ్బు మీద మిగిలేది తక్కువ కనుక చాలామందికి ఈ ఇన్సర్షన్ డబ్బే పెట్రోలు ఖర్చు. వీళ్ల పొట్ట కొట్టే రూలును నేను సమర్థించలేను.

2020లో కరోనా భయంతో మా వీధిలో చాలామంది పేపరు మాన్పించారు. కొందరు మళ్లీ వేయించుకోలేదు. అప్పటి నుంచి పాంప్లెట్ పేపరులోనే కాక నేరుగా గేటుకూ రావడం మొదలైంది. గేటెడ్ కమ్యూనిటీల్లో సెక్యూరిటీ గార్డు ఆపేస్తాడు. అపార్ట్‌మెంట్ సంఘాలు సొంతంగా తీర్మానం చేసుకుని లిఫ్టు పక్కన బోర్డు పెడతాయి. కాపలా పెట్టుకోలేని పాత కాలనీలు, బస్తీల మీదే మొత్తం బరువు పడుతోంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. వద్దనే హక్కు కాపలాదారుకు జీతమిచ్చేవారికే దక్కుతోంది.

వేరే చోట్ల ఈ చిక్కును గడప దగ్గరే విప్పారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని స్ట్రదర్స్ పట్టణం ఇళ్ల తలుపులు తట్టి కరపత్రాలు పంచడాన్ని నిషేధిస్తే, 1943లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. ఊరంతటి తరఫున కౌన్సిల్ వద్దనకూడదు, ఎవరి ఇంటికి వారే వద్దనాలి, వద్దన్నాక కూడా వచ్చేవాడిని మాత్రం శిక్షించవచ్చు అన్నది దాని సారం. ఆమ్‌స్టర్‌డామ్ ఇంకో అడుగు వేసింది. 2018 జనవరి నుంచి కావాలని స్టిక్కరు అంటించుకున్న ఇళ్లకే ప్రకటన కాగితాలు వేయాలి.

మనకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఫోన్ల విషయంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007లోనే నియంత్రణలు తెచ్చింది, 1909కి సందేశం పంపి వాణిజ్య కాల్స్ వద్దని నమోదు చేసుకోవచ్చు. జేబులోని ఫోనుకు ఉన్న ఈ పాటి మర్యాద ఇంటి గేటుకు లేదు.

పైగా ఉన్న ఆధారం కూడా సన్నబడింది. 1867 చట్టం స్థానంలో 2023లో చేసిన పత్రికలు, నియతకాలికాల రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని పేరులోనే ఉన్నట్టు అది పత్రికల వరకే. కోచింగ్ సెంటరు పాంప్లెట్ అడుగున ప్రెస్సు పేరు ఉండాలన్న పాత కట్టుబాటు పాత చట్టంతోనే పోయింది. నా దగ్గరున్న ఏడింటిలో రెండింటికే ఆ వరుస ఉంది, అదీ అలవాటు కొద్దీ వేసినట్టుంది.

కార్పొరేషన్ ఒక చిన్న నిబంధన చేస్తే సరిపోతుంది. "ప్రకటనలు వద్దు" అని గేటుకు రాసుకున్న ఇంట్లో వేయకూడదు, తాళం వేసిన గేటుకు దోపకూడదు. తప్పితే జరిమానా కాగితం మీద పేరున్న వ్యాపారికి పడాలి, పంచే పిల్లవాడికి కాదు. చిరునామా, ఫోను నంబరు ఆ వ్యాపారే పెద్ద అక్షరాలతో అచ్చేసుకుంటాడు కనుక వెతికే పని కూడా ఉండదు.

మొన్న మధ్యాహ్నం రెండు గంటల ఎండలో ఒక కుర్రవాడు మా గేటు దగ్గర ఆగాడు. వద్దు బాబూ అన్నాను. "ఫోటో పంపాలి సార్, సూపర్‌వైజరు అడుగుతాడు" అన్నాడు. ఊచల మధ్య పెట్టి, ఫోనుతో ఫోటో తీసుకుని, కాగితం తిరిగి తీసి నా చేతికిచ్చాడు. మంచినీళ్లు తాగి పక్కింటి వైపు వెళ్లబోతుంటే, అక్కడ ఎవరూ లేరు, వేయకు అని చెప్పాను. సరే సార్ అని ఆ గేటు దాటి ముందుకు పోయాడు.