స్లిట్ ల్యాంప్ బోర్డు మీద సోల్డరింగ్ ఐరన్

కంటి పరీక్షకు వెళ్తే గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తాకించి కదలకుండా కూర్చోమంటారు. సన్నటి నిలువు కాంతి కంటి మీద పడుతుంది. అదే స్లిట్ ల్యాంప్. స్వీడన్ కంటి వైద్యుడు ఆల్వర్ గుల్‌స్ట్రాండ్ 1911లో దీన్ని తోటి వైద్యులకు చూపించాడు. ఇందులోని లెన్సులు జాగ్రత్తగా చూసుకుంటే దశాబ్దాలు పనిచేస్తాయి. వెలుగిచ్చే కరెంటు బోర్డుకు అంత ఆయుష్షు ఉండదు. లెన్సులు బంగారంలా ఉన్నా, పది రూపాయల విడిభాగం పోయి మెషీన్ మూలన పడుతుంది.

ఊరి విజన్ సెంటర్లో, అంటే చిన్న కంటి పరీక్షా కేంద్రంలో, ఒక్కటే స్లిట్ ల్యాంప్ ఉంటే, అది ఆగిన రోజు అక్కడ పరీక్షలూ ఆగినట్టే. కంపెనీ ఇంజినీరు వచ్చినా చాలాసార్లు బోర్డు మొత్తం మార్చేసి పోతాడు. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి ఈ ఇబ్బందిని గుర్తించి, పరికరాల మరమ్మతులో టెక్నీషియన్లకు శిక్షణ ఇస్తోంది. కంటి పరికరాలు వాడేవాళ్లందరికీ కరెంటు కొలిచే మల్టీమీటర్, టంకం కరిగించి భాగాలను బోర్డుకు అతికించే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం నేర్పాలనే నేనంటాను. మెషీన్ రోజూ ఎలా నడుస్తుందో, ఎప్పుడు తేడాగా ఉందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

స్లిట్ ల్యాంప్‌లో వాడే హాలోజన్ బల్బు సంగతే చూడండి. 6 వోల్టుల, 20 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు 3 ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం వేడిమీద ఉన్నప్పటి దానిలో దాదాపు పదో వంతే. అందుకే స్విచ్ వేసిన క్షణంలో కరెంటు ఎన్నో రెట్లు దూసుకెళ్తుంది. ఆ దెబ్బ బల్బుతో పాటు స్విచ్ కాంటాక్టుల మీదా పడుతుంది. వెలుగు తగ్గించి ఆన్ చేయమనేది ఇందుకే. ఇక రోజంతా వేడెక్కి, రాత్రికి చల్లారే కనెక్టర్ల దగ్గర టంకం నెమ్మదిగా బీటలు వారుతుంది. దీన్నే మెకానిక్కులు డ్రై సోల్డర్ అంటారు. బోర్డులో దిగిన విడిభాగం కాలు చుట్టూ ఆ బీట సన్నటి వలయంలా కనిపిస్తుంది. మెషీన్‌ని తట్టితే వెలిగి, వదిలేస్తే ఆరిపోతోందంటే ముందు దాన్నే అనుమానించాలి. టంకం బాగా అతుక్కునేలా చేసే ఫ్లక్స్ రాసి, టంకం మళ్లీ కరిగించి కొంచెం కొత్తది కలిపితే చాలు. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిసిన టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం లేనిదానికి దాదాపు 220 కావాలి.

పవర్ సప్లైలో ఎక్కువగా పోయేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అంటే కరెంటును కాసేపు నిలవ ఉంచి నిలకడగా ఇచ్చే డబ్బాల్లాంటి భాగాలు. లోపలి ద్రవం వేడికి ఇంకిపోతుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే వీటి ఆయుష్షు రెట్టింపవుతుందని ఒక లెక్క. గాలి ఆడే రంధ్రాల మీద గుడ్డ కప్పి మెషీన్ నడిపేవాళ్లు ఇది గమనించాలి. తల ఉబ్బిన కెపాసిటర్ చూడగానే దొరికిపోతుంది. ఉబ్బకుండా చెడిపోయినదే తిప్పలు పెడుతుంది: మీటర్లో కెపాసిటీ బాగానే చూపిస్తుంది, లోపలి నిరోధం మాత్రం పెరిగిపోయి ఉంటుంది. కళ్లద్దాల పవర్ కొలిచే ఆటోరిఫ్రాక్టర్లో మోటారు కదలగానే స్క్రీన్ ఆరి వెలుగుతోందంటే కారణం ఇదే కావచ్చు.

కంటి వైద్యులకు ఈ పనిలో ఒక సౌలభ్యం ఉంది. మైక్రోస్కోపులో చూస్తూ చేతులు కదపడం వాళ్లకు కొత్త కాదు. వెంట్రుక కన్నా సన్నని 10-0 నైలాన్ దారంతో కుట్లు వేసే సర్జన్‌కు మిల్లీమీటరు పొడవున్న రెసిస్టర్ ఒక లెక్కా! (అంత తీరిక వాళ్లకెక్కడిది, అది వేరే మాట.)

అలాగని అన్నింటి మీదా చేయి పెట్టకూడదు. 230 వోల్టుల కరెంటు డీసీగా మారాక పెద్ద కెపాసిటర్లో 325 వోల్టుల దాకా నిలుస్తుంది. ప్లగ్ పీకినా కొంతసేపు అలాగే ఉంటుంది. కాబట్టి కొలిచి చూశాకే తాకాలి. మెయిన్స్ (గోడ ప్లగ్ కరెంటు) వైపునీ, రోగి వైపునీ కలిపే, భద్రత కోసం ప్రత్యేకంగా చేసిన వై క్లాస్ కెపాసిటర్ స్థానంలో మామూలుది పెడితే, అది షార్టయిన రోజున రోగి నుదురు ఆనిన లోహానికే కరెంటు రావచ్చు. బల్బు బదులు ఎల్‌ఈడీ ఉన్న మెషీన్లో దాని కరెంటును నిర్ణయించే రెసిస్టర్‌ను అంచనాతో మార్చినా ప్రమాదమే, ఎక్కువ వెలుగు నేరుగా రెటీనా మీద పడుతుంది. శుక్లం ఆపరేషన్ చేసే ఫేకో మెషీన్‌లోని వాక్యూమ్ సెన్సార్, అల్ట్రాసౌండ్ బోర్డులు కంపెనీకి వదిలేయడమే నయం.

బాగుచేసిన స్లిట్ ల్యాంప్‌ను వెంటనే రోగి ముందు పెట్టకూడదు. లోహ భాగాల నుంచి బయటికి కారే లీకేజీ కరెంటు కొలవాలి. వైద్య పరికరాల ప్రమాణం ప్రకారం మామూలు స్థితిలో అది 100 మైక్రోఆంపియర్లు దాటకూడదు. దాటితే మెషీన్ మళ్లీ మరమ్మతు బల్ల మీదికే.