దిగంతం అవతలి ఎత్తు

విశాఖ ఆర్.కె. బీచ్‌లో నీటి అంచున నిలబడిన మనిషికి సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల పైచిలుకు దూరం వరకే కనిపిస్తుంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల ఆపైన ఉన్న నీరు చూపుకు అందకుండా కిందికి జారిపోతుంది. అదే మనిషి కైలాసగిరి ఎక్కుతూ వంద మీటర్ల ఎత్తుకు చేరితే నీరు ఆకాశాన్ని తాకినట్టు కనిపించే గీత, అంటే దిగంతం, దాదాపు 36 కిలోమీటర్లకు జరుగుతుంది. రేవులోకి పిలుపు కోసం లంగరు వేసి ఎదురుచూసే ఓడలలో, ఒడ్డు నుంచి పైభాగం మాత్రమే కనిపించినవి, ఇప్పుడు నీటిగీత దాకా కనిపిస్తాయి.

చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడా ఇటువంటి దిగంతం ఒకటి ఉంటుంది. ప్రోగ్రాము ఎనిమిది ఎత్తుల వరకే లెక్క వేయగలిగితే, తొమ్మిదో ఎత్తున జరిగే నష్టం దాని దృష్టిలో లేనట్టే. చిక్కంతా ఇక్కడే ఉంది. తన శకటు ఎలాగూ పోతుందని గ్రహించిన ప్రోగ్రాము, ఆ పోవడాన్ని తొమ్మిదో ఎత్తుకు నెట్టగలిగితే గండం గడిచిందని భావించి, అందుకోసం ఒకటి రెండు బంట్లను కూడా సంతోషంగా వదులుకుంటుంది. అప్పులవాడి కంట పడకుండా పెరటి దారిన తిరిగితే బాకీ తీరిందనుకునే మనిషి తెలివి వంటిదే ఇది. స్వయంగా ఉత్తరాల ద్వారా ఆడే చదరంగంలో ప్రపంచ విజేత అయిన అమెరికా శాస్త్రజ్ఞుడు హాన్స్ బెర్లినర్ 1970లలో ఈ జబ్బుకు దిగంత ప్రభావం అని పేరు పెట్టాడు.

దిగంతాన్ని వెనక్కి జరపడం ఎందుకు కష్టమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆట మధ్యలో ఒక్కో స్థితిలో సుమారు 35 ఎత్తులు సాధ్యమనుకుంటే, ఇరువైపులా మూడేసి ఎత్తుల వరకు అన్నిటినీ పరిశీలించడానికి దాదాపు 184 కోట్ల స్థితులు చూడాలి. అయితే అన్నిటినీ చూడనక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలినట్టు, ఒక ఎత్తుకు ప్రత్యర్థి దగ్గర గట్టి జవాబు ఒక్కటి దొరికితే చాలు, మిగిలిన జవాబులు అంతకన్నా ఎంత గట్టివో తేల్చకుండానే ఆ ఎత్తును పక్కన పెట్టవచ్చు. ఆల్ఫా-బీటా అనే ఈ పద్ధతిలో మంచి ఎత్తులను ముందుగా చూసే అదృష్టం ప్రతిసారీ కలిగితే, ఆ 184 కోట్లు 86 వేలకు దిగుతాయి. ఆచరణలో అంత అదృష్టం పట్టదు కాని, తేడా మాత్రం ఆ తరహాదే.

ప్రోగ్రాముల మధ్య మొదటి ప్రపంచ పోటీ 1974 ఆగస్టులో స్టాక్‌హోంలో జరిగింది. పదమూడు ప్రోగ్రాములు, నాలుగు రౌండ్లు. నాలుగు ఆటలూ గెలిచినది సోవియట్ ప్రోగ్రాము కైసా. ప్రోగ్రాము నడిచిన యంత్రం మాస్కోలో ఉండగా ఎత్తులు టెలిఫోను మీద స్టాక్‌హోంకు చేరేవి. (మన బీచ్ రోడ్డులో ప్రదర్శనకు ఉంచిన కుర్సురా జలాంతర్గామి కూడా సోవియట్ నిర్మాణమే, అది మన నౌకాదళంలో చేరినది 1969లో. దాని లోపల కనిపించే చక్రాలు, కవాటాల వరుసలు చూసినప్పుడల్లా, ఇదే కాలంలో ఆ దేశంలోనే కైసాను రాశారన్న సంగతి నాకు గుర్తుకు వస్తుంది.)

విజయం కన్నా కైసా ఓడిపోయిన ఆట ఒకటి ఎక్కువ ప్రసిద్ధమైంది. 1977లో టొరాంటోలో జరిగిన రెండో ప్రపంచ పోటీలో అది నల్లపావులతో అమెరికాకు చెందిన డచెస్ అనే ప్రోగ్రాముతో తలపడింది. 34వ ఎత్తున డచెస్ మంత్రి ఎనిమిదో వరుస మూలకు వచ్చి రాజుకు చెక్ చెప్పింది. రాజును ఒక గడి ముందుకు జరిపితే సరిపోతుందని అందరికీ కనిపిస్తూ ఉండగా, కైసా తన ఏనుగును తెచ్చి మంత్రి నోట్లో పెట్టింది. ప్రోగ్రాములో ఏదో తప్పు దొర్లిందని చూస్తున్నవారు నిశ్చయించుకున్నారు. మాజీ ప్రపంచ విజేత బోట్విన్నిక్ కూడా ప్రేక్షకులలో ఉన్నాడు. ఆట ముగిశాక ప్రోగ్రామునే అడిగి చూస్తే సంగతి బయటపడింది. రాజు జరిగి ఉంటే డచెస్ తన మంత్రినే రాజు ఎదుట బలి ఇచ్చి, ఆ తరువాత శకటుతో, ఏనుగుతో కొద్ది ఎత్తులలోనే ఆట కట్టేది. మనుషుల్లో ఎవరికీ తట్టని ఆ బలిని చూసిన కైసా, ప్రాణం పోవడం కన్నా ఏనుగు పోవడం మేలని ఎంచుకుంది.

ఈ సంఘటన నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. దిగంత ప్రభావంలో చిక్కుకున్న ప్రోగ్రాము పావులను వృథాగా పారేస్తుంది. దూరం చూసిన ప్రోగ్రాము కూడా, బయటి నుంచి చూసేవారికి, సరిగ్గా అదే పని చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఒక్క ఎత్తును చూసి, ఒక్క ఆటను చూసి యంత్రం తెలివిని అంచనా వేయడం ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది.

తరువాతి నలభై ఏళ్ల కథ వేగంగా చెప్పుకోవచ్చు. ప్రత్యేక సర్క్యూట్లతో చేసిన బెల్ 1980లో లింజ్‌లో, సూపర్‌కంప్యూటరు మీద నడిచిన క్రే బ్లిట్జ్ 1983లో న్యూయార్క్‌లోను 1986లో కొలోన్‌లోను గెలిచాయి. 1995లో హాంకాంగ్‌లో మాత్రం ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ నమూనా యంత్రాన్ని 90 మెగాహెర్ట్జ్ పెంటియం అనే మామూలు కంప్యూటరు మీద నడిచిన ఫ్రిట్జ్ ఓడించి, చివరకు టైటిల్ కూడా సొంతం చేసుకుంది. 2017 డిసెంబరులో వెలుగు చూసిన ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాము సెకనుకు 80 వేల స్థితులే చూస్తూ, 7 కోట్ల స్థితులు చూసే స్టాక్‌ఫిష్ అనే మేటి ప్రోగ్రాముతో 100 ఆటలు ఆడి 28 గెలిచి, మిగిలిన 72 డ్రా చేసింది. ఆ పోటీ నిబంధనల మీద వాదాలు చెలరేగాయి కాని, స్థితికి వెల కట్టే నేర్పు పెరిగితే తక్కువ చూసినా సరిపోతుందన్న పాఠం మిగిలింది. 2020 సెప్టెంబరులో స్టాక్‌ఫిష్ కూడా వెల కట్టే ఆ పనిని, ఉదాహరణల నుంచి నేర్చుకునే ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్కుకు అప్పగించింది.

దిగంతం ఇంత దూరం జరిగాక పోటీ నిర్వాహకులకు కొత్త తలనొప్పి పట్టుకుంది. మామూలు ఆరంభ స్థితి నుంచి ఆడిస్తే మేటి ప్రోగ్రాముల ఆటలు దాదాపు అన్నీ డ్రా అవుతాయి. అందుకే 2010లో మొదలై ఇప్పుడు అన్నిటికన్నా పేరు పొందిన టీసెక్ పోటీలో మొదటి కొన్ని ఎత్తులను మనుషులే ఎంచి పెడతారు. కావాలనే ఒక పక్షానికి మొగ్గు ఉండేలా ఎంచుతారు. ఆ మొగ్గు అన్యాయం కాకుండా ప్రతి ఆరంభాన్నీ రంగులు మార్చి రెండుసార్లు ఆడిస్తారు. తుది పోరులో 100 ఆటలంటే 50 ఆరంభాలన్నమాట. మొగ్గు తక్కువైతే రెండూ డ్రా, ఎక్కువైతే రెండింటిలోనూ ఒకే రంగు గెలుపు; ఎటు చూసినా సమమే. ఈ రెంటి నడుమ ఉన్న సన్నని సందును పట్టుకోవడమే ఇప్పుడు మనిషికి మిగిలిన విద్య, అది చిన్న విద్యేమీ కాదు.

వంద ఆటలు కూడా విజేతను ప్రకటించడానికి చాలుతాయేమో కాని, కొలవడానికి చాలవు. సగం ఆటలు డ్రా అయ్యే సమవుజ్జీల మధ్య 10,000 ఆటలు ఆడించినా ఫలితంలో సుమారు 0.35 శాతం కేవలం యాదృచ్ఛికమైన ఊగిసలాట మామూలుగానే ఉంటుంది. ప్రోగ్రాములో ఒక చిన్న మార్పు, ఆట బలాన్ని కొలిచే ఈలో రేటింగులో తెచ్చే రెండు పాయింట్ల లాభమేమో ఫలితంలో 0.29 శాతమే. అందుకే స్టాక్‌ఫిష్ రచయితలు 2013 నుంచి స్వచ్ఛంద కార్యకర్తల కంప్యూటర్ల మీద వేల కొద్దీ ఆటలు ఆడించి గాని ఏ మార్పునూ ఒప్పుకోరు. నాలుగు రౌండ్ల స్టాక్‌హోం కిరీటం ఈ లెక్కన ఒక ముచ్చట మాత్రమే.

ఎం.వి.పి. కాలనీలో మా మేడ మీద ఆదివారాలు చదరంగం ఆడటానికి వచ్చే పిల్లలలో ఇద్దరు, తమలో ఎవరు గొప్పో తేల్చమని ఈమధ్య నన్ను పట్టుకున్నారు. తెల్లపావులకు కాస్త మొగ్గున్న ఒక స్థితిని బల్ల మీద పేర్చి, రంగులు మార్చి రెండు ఆటలు ఆడమన్నాను. రెండింటిలోనూ తెల్లపావులే గెలిచాయి. అయితే ఏమీ తేలలేదన్నమాట అని చిన్నవాడు మొహం చిన్నబుచ్చుకోగా, పెద్దవాడు అప్పటికే ఇంకో స్థితి కోసం పావులు సర్దుతున్నాడు.